నిమిషానికి ఇరవై మాటలు

హాస్టలు, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్ 4

పిన్నీ,

ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదని ముందే చెబుతున్నాను. నేను క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. బాబాయి కొట్టులో వాచీలన్నీ ఒకే టైము చూపిస్తున్నాయని కూడా తలుస్తాను. అసలు సంగతేమిటంటే, నేను మళ్ళీ తప్పాను.

రేవు ఆఫీసు వైర్‌లెస్ గదిలో చేరి ఎనిమిది నెలలైంది కదా. ఓడల నుంచి మోర్స్‌లో వచ్చే ఇంగ్లీషు సందేశాలు విని కాగితం మీద పెట్టాలి. మన ఇంగ్లీషు మాటల్ని మోర్స్‌లోకి మార్చి వాళ్ళకి పంపాలి. ఉద్యోగం ఖాయం కావాలంటే నిమిషానికి ఇరవై మాటలు అందుకోవాలి. మార్చిలో పదకొండు దగ్గర ఆగిపోయాను. మొన్న పన్నెండు. ఈ లెక్కన ఇరవైకి చేరేసరికి చేతికి ఊతకర్ర వస్తుంది. ఆఖరి అవకాశం అక్టోబరు ఇరవైన. అది కూడా తప్పితే కింద రికార్డుల గదిలో పాత ఫైళ్ళకి దారాలు కట్టుకుంటూ కూర్చోవాలి.

నాకు ఆ గది వద్దు పిన్నీ, ఈ గదే కావాలి. ఎక్కడో నీళ్ళ మీద ఉన్న మనిషి నాతో మాట్లాడుతున్నాడంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. అతను అడిగేది నీళ్ళ టాంకు గురించే అయినా సరే.

ముప్పై ఏళ్ళు టెలిగ్రాఫాఫీసులో కూర్చున్న పిన్నిని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ళని బతిమాలడమేమిటని అమ్మ చివాట్లు పెట్టింది. నాలుగుసార్లు ఫోను చేశాను. ఫోను ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా?

నీ
టకటక

*

వాచీల కొట్టు పైన, వంటింటి బల్ల
జూన్ 11

టకటకా,

నీ నోటి వేగం చూసి ఆ పేరు పెట్టింది నేనే. చేతికి కూడా అబ్బుతుందనుకున్నాను. పన్నెండు మాటలా? మా రోజుల్లో తలనొప్పితో వచ్చి, టీ తాగుతూ, పక్కవాళ్ళతో పోట్లాడుతూ పద్దెనిమిది అందుకునేవాళ్ళం.

ఫోను పాడైంది. ఊళ్ళోవాళ్ళ గడియారాలు బాగుచేసే మీ బాబాయికి ఇంట్లో వస్తువు కంటికి ఆనదు. ఉత్తరాలే నయంలే. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

పద్ధతి ఇది. ప్రతిసారీ పది ఇంగ్లీషు మాటలిస్తాను. వాటిని చుక్కలు, గీతలుగా మార్చి తిరుగుటపాలో పంపు. నేను దిద్ది పంపుతాను. ఓడలూ తుఫానులూ ఇప్పుడే వద్దు, ఇంట్లో ఉన్నవాటితో మొదలుపెడదాం: కెటిల్, పిల్లో, బకెట్, బటన్, సిజర్స్, లాడర్, మిర్రర్, సోప్, నీడిల్, అంబ్రెల్లా.

చుక్క చుక్కలా, గీత గీతలా ఉండాలి. నీ దస్తూరి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆశీస్సులతో,
పిన్ని

*

హాస్టలు, అదే మంచం
జూన్ 20

పిన్నీ,

పది మాటలూ వెనక కాగితంలో ఉన్నాయి. చూసి మురిసిపో. నా గదిలో ఉండే అమ్మాయి నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ కాగితం చూసి, "ఇది ఏ జాకెట్టు మీద కుట్టే డిజైను?" అని అడిగింది. మా పిన్ని జాకెట్టు మీద అన్నాను.

కానీ ఒక పేచీ వచ్చింది. మా వైర్‌లెస్ గదిలో పెద్దాయన ఉన్నారు, గడ్డం సార్ అంటాం. నీ పద్ధతి చెప్పగానే ఆయన గడ్డం నిమురుకోవడం ఆపేశారు. "అదేనమ్మా నీ జబ్బు. ఒక్కో అక్షరం వినగానే చుక్కలు కళ్ళ ముందు కనబడతాయి, వాటిని లెక్కపెడతావు, లెక్క తేలేలోపు మూడు అక్షరాలు వెళ్ళిపోతాయి. కాగితం పారేసి చెవితో నేర్చుకో," అన్నారు.

ఆయన మాట వదిలెయ్. నీ మాట సంగతేమిటి? నాకు పదేళ్ళప్పుడు సెలవులకి మీ ఇంటికి వస్తే, నేను చుక్కలు రాసుకున్న అట్ట లాక్కుని, చెంచాతో బల్ల మీద కొడుతూ, "చూడకు, విను" అన్నది ఎవరు? నాకు బాగా గుర్తు, ఆ అట్ట వెనక నా బొమ్మ కూడా ఉంది.

పోనీ ఒక పని చేస్తాను. నేను మోర్స్ కీ నొక్కుతూ కాసెట్‌లోకి ఎక్కించి పంపుతాను. విని చెప్పు.

నీ
టకటక

*

వాచీల కొట్టు పైన
జూలై 2

టకటకా,

ముందు నీ గొప్పలు. కెటిల్‌లో రెండు టీల మధ్య ఖాళీ ఇవ్వలేదు. రెండు గీతలు కలిసిపోయి ఎం అయింది. సిజర్స్‌లో చివరి ఎస్‌కి నాలుగు చుక్కలు పెట్టావు, ఎవరింట్లో ఎక్కువయ్యాయని? అంబ్రెల్లా ఒక్కటి బాగుంది. కాపీ కొట్టావా?

గడ్డం పెంచినంత మాత్రాన మనిషికి అన్నీ తెలియవు. నువ్వు పదేళ్ళ పిల్లవి అప్పుడు, ఇప్పుడు పునాది సరిచూస్తున్నాను. గురువు మీద ఇన్ని ప్రశ్నలు వేసే శిష్యురాలిని మా ఆఫీసులో అయితే టపా సంచుల గదికి పంపేవాళ్ళం.

కాసెట్టు పంపుతానంటే పంపు. కాగితాలు మాత్రం ఆపొద్దు. ఈసారి మాటలు: కాలర్, పాకెట్, విండో, కర్టెన్, పెప్పర్, లెమన్, స్టూల్, టవల్, బాస్కెట్, కీహోల్.

పిన్ని

*

హాస్టలు
జూలై 15

పిన్నీ,

దీంతో కాసెట్టు ఉంది. నా సొంత కీ మీద, నా సొంత వేళ్ళతో, కాలర్ నుంచి కీహోల్ దాకా. వెనకాల వినబడే దగ్గు నర్సింగు అమ్మాయిది, దాన్ని అక్షరం అనుకోవద్దు.

టకటక

*

వాచీల కొట్టు పైన
జూలై 24

టకటకా,

విన్నాను. తొందర ఎక్కువ. మాటకీ మాటకీ మధ్య ఖాళీ చాలడం లేదు. ఆ దగ్గే నయం, దానికి ఒక తీరు ఉంది.

కొత్త మాటలు వెనక ఉన్నాయి. మీ బాబాయి ఆశీస్సులు. ఆయనకి ఈ మధ్య చూపు బాగా తగ్గిందని నేనంటాను, ఆయన ఒప్పుకోరు. మగవాళ్ళకి అన్నీ బిగువే.

పిన్ని

*

హాస్టలు
ఆగస్టు 5

పిన్నీ,

నువ్వు చెప్పినట్టే ఖాళీలు పెంచాను. రెండో కాసెట్టు పంపుతున్నాను, జాగ్రత్తగా విను. నాకు నిజంగా భయంగా ఉంది.

నిన్న గడ్డం సార్ ఉత్తుత్తి పరీక్ష పెట్టారు. పదమూడు. రెండు నెలల్లో ఒక్క మాట పెరిగింది. పంపడంలో ఇబ్బంది లేదు, ఇంగ్లీషు మాట ఇస్తే చేతులు వాటంతటవే కొడుతున్నాయి. వినడం దగ్గరే పడిపోతున్నాను. హెడ్‌ఫోన్లలో శబ్దం రాగానే కళ్ళ ముందు నీ కాగితం వచ్చి నిలబడుతుంది. విండో అని వస్తే డబ్ల్యూకి చుక్క పక్కన రెండు గీతలు గీసుకుని చూసుకుంటున్నాను, ఈలోపు కిటికీ మూసుకుపోతోంది.

ఎక్కడ తప్పు చేస్తున్నానో ఉన్నదున్నట్టు చెప్పు. ఈసారి వేళాకోళం వద్దు.

టకటక

*

వాచీల కొట్టు పైన
ఆగస్టు 16

టకటకా,

కాసెట్టు రెండుసార్లు విన్నాను. ఈసారి చేతికి నిలకడ వచ్చింది. మొదట్లో కాస్త తడబాటు ఉన్నా పోను పోను బాగా కుదిరింది. ఇలాగే చెయ్. భయపడే పిల్లని నేను పెంచలేదు.

కాగితాలు ఆపొద్దు.

పిన్ని

*

హాస్టలు
ఆగస్టు 25

పిన్నీ,

కూర్చునే చదువు.

నిన్న పరుపు ఎత్తి దులుపుతుంటే నా కాసెట్టు దొరికింది. నేను పంపాననుకున్న కాసెట్టు. మరి నీ దగ్గరున్నది ఏమిటని వెతికితే, నర్సింగు అమ్మాయి తన కాసెట్టు కనబడడం లేదని పది రోజులుగా గది అంతా తిరగేస్తోంది. మోకాలికి కట్టు కట్టడమెలా అనే పాఠం. ముప్పై నిమిషాలు.

అంటే నువ్వు రెండుసార్లు విని, చేతికి నిలకడ వచ్చిందన్నది ఆ అమ్మాయి గుడ్డ చుడుతున్న చేతికి. మొదట్లో తడబాటు, పోను పోను బాగా కుదరడం, అదంతా మోకాలే. ఆ అమ్మాయికి నీ ఉత్తరం చదివి వినిపించాను. చాలా సంతోషించింది. తన ప్రిన్సిపాలు కూడా ఇంత మెచ్చుకోలేదట.

నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. వినడానికి తీరిక లేకపోతే లేదని రాయొచ్చు కదా పిన్నీ. బద్ధకమైతే బద్ధకమని రాయొచ్చు. నేను ఏమీ అనుకునేదాన్ని కాదు. విన్నానని ఎందుకు రాశావు? ఇంకా ఎనిమిది వారాలే ఉంది. నువ్వు బాగుందంటే నేను నిజమేననుకున్నాను.

టకటక

*

వాచీల కొట్టు పైన, వంటింటి బల్ల
సెప్టెంబరు 6

టకటకా,

ఇది నాలుగో కాగితం. ముందు మూడూ చింపేశాను. ఇది కూడా చింపకముందే మీ బాబాయి చేతికిచ్చి టపాలో వేయమంటాను.

నాకు వినబడదు.

ఏడాదిన్నరైంది. ముందు ఎడమ చెవి, తర్వాత కుడిది. తలుపు దబాలున పడితే తెలుస్తుంది, అంతే. ఫోను బాగానే ఉంది, పాడైంది నేను. ఇంట్లో మీ బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎందుకు రావడం లేదంటే నడుం నొప్పి అన్నాను. పాపం నా నడుం నిక్షేపంలా ఉంది.

ముప్పై ఏళ్ళు చెవి మీద బతికినదాన్ని. ఆఫీసులో పన్నెండు బల్లలు ఒకేసారి మోగుతుంటే నాది నాకు వినబడేది. అవతల కూర్చున్న మనిషికి జలుబు చేసిందో లేదో వాళ్ళు కొట్టే తీరులో చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, "ఏమిటీ? ఏమిటీ?" అని అడుగుతూ తిరగడానికి నామోషీ అనిపించింది.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నేను ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు. నన్ను ఇంకా ఎవరో ఈ పని అడిగారు. లేదని రాయడానికి మనసొప్పలేదు. చెవితో నేర్పలేను కాబట్టి కాగితం మీద నేర్పాను. అది తప్పని నాకు తెలుసు. మీ గడ్డం సార్ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కళ్ళతో నేర్చుకున్నవాళ్ళు పన్నెండు, పదమూడు దగ్గర ఆగిపోతారని మేము కొత్తవాళ్ళకి మొదటి రోజే చెప్పేవాళ్ళం. తెలిసి తెలిసి నిన్ను ఆ గుంతలోకే దించాను. నా బిగువు నిలుపుకోవడానికి నీ ఉద్యోగం పణంగా పెట్టాను.

నా కాగితాలన్నీ పారెయ్. గడ్డం సార్ దగ్గరికి వెళ్ళి, మా పిన్నికి బుద్ధి లేదని చెప్పి, ఆయన చెప్పినట్టు చెయ్. నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, అది నాకు సులువైపోతుంది.

పిన్ని

*

హాస్టలు
సెప్టెంబరు 11

పిన్నీ,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. చాలా కోపం వచ్చింది. అది దాచను. నీకు వినబడకపోవడం గురించి కాదు, నా దగ్గర దాచినందుకు. నేనేమైనా టెలిగ్రాఫాఫీసు ఇన్‌స్పెక్టర్నా?

తర్వాత నీ నడుం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏడాదిగా అమ్మ కనబడిన ప్రతి మనిషినీ అడిగి నీ నడుముకి తైలాలు పోగుచేస్తోంది. ఆరు సీసాలైనట్టున్నాయి. ఆ సంగతి నువ్వే తేల్చుకోవాలి.

గడ్డం సార్‌కి నీకు బుద్ధి లేదని చెప్పలేదు. జరిగింది చెప్పాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "ఆవిడ టెలిగ్రాఫాఫీసులో రైల్వే సందేశాల బల్ల దగ్గర కూర్చున్నావిడేనా?" అని అడిగారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నీ చేతి సందేశాలు అందుకున్నారట. ఇంకెవరి చేయీ అంత తేటగా ఉండేది కాదట. రోజూ గంట నాతో కూర్చుంటానన్నారు. కానీ పిన్నీ, కాగితం నా కళ్ళలోంచి పోవడం లేదు. కళ్ళు మూసుకున్నా కనబడుతోంది. నేర్చుకున్నదాన్ని మరిచిపోవడమెలాగో ఆయనకి తెలియదు. నీకు తెలుసా? ఐదు వారాలుంది. నేర్పావు కదా, విప్పడం కూడా నీ పనే.

టకటక

*

వాచీల కొట్టు పైన
సెప్టెంబరు 15

టకటకా,

తెలుసు. ఒకసారి చేశాను.

మా ఆఫీసులో ఒకాయన నీలాగే పుస్తకంలో నేర్చుకుని వచ్చాడు, ముందుకి కదలడు. అతన్ని కళ్ళు మూసుకోమని, వెనక కూర్చుని భుజం మీద వేలితో కొట్టేదాన్ని. అక్షరాలు కాదు, మొత్తం మాటలు. ఇంగ్లీషులో ది, అండ్, ఫర్, ఫ్రమ్, విత్ లాంటివి సందేశంలో సగం ఉంటాయి. వాటిని విడదీయకుండా ఒక్కో మాటా ఒక్క దెబ్బలా ఒంటికి పట్టాలి. మన పేరు ఎవరైనా పిలిస్తే అక్షరాలు కూడబలుక్కోం కదా. చర్మానికి కాగితం కనబడదు.

రెండు రోజులు సెలవు పెట్టి రా. మంచం కింద కాసెట్లన్నీ చూసుకుని రా.

పిన్ని

అమ్మాయీ, మీ పిన్ని కవరు కోసం లోపలికి వెళ్ళింది, ఈలోపు రెండు ముక్కలు. నీ మొదటి కాసెట్టు వచ్చిన రోజు రికార్డరుకి చెవి ఆనించి మధ్యాహ్నమంతా కూర్చుంది. సౌండు ఎంత పెంచిందంటే కింద కొట్టులో ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళిపోయారు. బద్ధకమని మాత్రం అనుకోకు. తప్పకుండా రా. వస్తోంది, ఆపుతున్నాను. — బాబాయి

*

హాస్టలు
సెప్టెంబరు 30

పిన్నీ,

నా కుడి భుజం మీద నీ వేలు అచ్చు పడింది. నర్సింగు అమ్మాయి చూసి కట్టు కడతానంది.

నిన్న పదహారు. గడ్డం సార్ రెండోసారి పెట్టారు, మళ్ళీ పదహారే. ది, అండ్, విత్ ఇప్పుడు రాసేస్తున్నాను, ఎలా రాశానో నాకే తెలియడం లేదు. పెద్ద మాటలొస్తే మాత్రం ఆ కాగితం ఒక మూల నుంచి తొంగిచూస్తోంది.

ఒక సంగతి అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తాను. రెండో రోజు నువ్వు అలిసిపోయావని నేను నీ మణికట్టు మీద కొట్టడం మొదలుపెట్టాను కదా, ఊరికే ఆటకి. నువ్వు కళ్ళు మూసుకుని ఒక్కో మాటా పైకి చెప్పేస్తున్నావు. నేను వేగం పెంచాను. చివర్లో నా చేతనైనంత వేగంగా కొట్టాను, ఒక్క మాట కూడా తప్పలేదు నువ్వు. అప్పుడు నీ ముఖం చూశాను పిన్నీ. నేను నీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళింది దాహం వేసి కాదు.

టకటక

*

హాస్టలు
అక్టోబరు 21

పిన్నీ,

నిన్న పరీక్ష అయింది.

తొమ్మిదిమందిమి ఉన్నాం. హెడ్‌ఫోన్లు ఇవ్వలేదు, గోడకున్న స్పీకరులో వినిపించారు. మొదటి నిమిషం గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చెయ్యి బల్ల మీద ఆనించాను, చెక్క కొంచెం అదురుతోంది. అంతే, నీ వేలు దొరికినట్టయింది. రాసుకుంటూ పోయాను. మధ్యలో పరీక్షాధికారి వచ్చి ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకోమన్నారు, బల్ల మీద ఎవరైనా సైగలు చేసుకుంటారట. పెట్టుకున్నాను. పెట్టుకున్న ఐదారు మాటల తర్వాత తెలిసింది, నేను వింటున్నానని.

కానీ మొదటి నిమిషం పోయింది. అందులో ఎన్ని తప్పులున్నాయో తెలియదు. ఆరు దాకా క్షమిస్తారు. ఏడైతే రికార్డుల గది. ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నా ఒకసారి ఐదు వస్తున్నాయి, ఒకసారి ఎనిమిది.

ఇరవై నాలుగున నోటీసు బోర్డులో పెడతారు. బాబాయి ఫోను కొట్టులోకి దింపుకున్నాడు కదా, వెంటనే అక్కడికి చేస్తాను. బాబాయి కాగితం మీద రాసి నీకు చూపిస్తాడు. నన్ను మాత్రం ఏమీ అడగకు, గోళ్ళన్నీ అయిపోయాయి.

టకటక

*

వాచీల కొట్టు పైన, వంటింటి బల్ల
అక్టోబరు 24

టకటకా,

నీ ఫోను వచ్చి గంటైంది. అప్పుడు నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరినవి మళ్ళీ బియ్యంలోనే వేస్తున్నానని తర్వాత చూసుకున్నాను.

మీ బాబాయి మెట్లెక్కి వచ్చారు. కంటికి పెట్టుకునే భూతద్దం తీయడం కూడా మరిచిపోయారు. ఆ ముఖం చూసి ఏమీ తెలియలేదు, ఒక కన్ను అంత పెద్దదిగా ఉంటే ఏం తెలుస్తుంది? కాగితం, పెన్సిలు తెచ్చి ముందు పెట్టాను. పక్కకి తోసేశారు. నా మణికట్టు పట్టుకుని తన ఒళ్ళోకి లాక్కున్నారు.

వేలితో కొట్టడం మొదలుపెట్టారు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన మోర్స్ ఒక్క అక్షరం నేర్చుకోలేదు. నువ్వు వచ్చి వెళ్ళినప్పటి నుంచీ కొట్టులో గిరాకీ లేనప్పుడు నేర్చుకుంటున్నారట, బల్ల కింద చేయి పెట్టి. ఎంత నెమ్మదో చెప్పలేను, నిమిషానికి మూడు మాటలు రావు. ఫెయిలైతే ఎఫ్‌కి మొదట రెండు చుక్కలు రావాలి. ఒక చుక్క వచ్చింది. తర్వాత గీత వచ్చింది. అక్కడే నాకు తెలిసిపోయింది.

కానీ చెప్పలేదు. జీవితంలో మొదటిసారి ఆయన మాటకి అడ్డు రాలేదు. ఇంకో గీత, చుక్క, అది పి. తర్వాత ఎ. అది కొట్టి, గుర్తు రాక ఆగారు, పెదాలు కదుపుతూ లోపల వెతుక్కున్నారు. అప్పుడు మూడు చుక్కలు, కాసేపాగి ఇంకో మూడు చుక్కలు. పాస్. తర్వాత, ఎన్ని తప్పులో కూడా చెప్పాలని నాలుగు వేళ్ళు చూపించారు. అంకెలు ఇంకా రావట.

టకటకా, నువ్వు నెగ్గావు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గు లేదు. మీ అమ్మకి ఉత్తరం రాసి బల్ల మీద పెట్టాను, నడుం సంగతీ చెవుల సంగతీ రెండూ అందులో ఉన్నాయి. సాయంత్రం టపాలో వేస్తారు.

ఈయన ఇంకా నా చెయ్యి వదల్లేదు, అందుకే ఈ అక్షరాలు ఇంత వంకరగా ఉన్నాయి. నాకు అర్థమైందో లేదోనని అనుమానం ఆయనకి. అర్థమైందని తలూపాను. అయినా ఇంకోసారి చెప్పమన్నాను. మళ్ళీ మొదటి నుంచి చెబుతున్నారు.

పిన్ని